బ్యాండ్‌విడ్త్ పెంచాలా, క్యూ మార్చాలా? అనంతపురం వైపు నెట్ ఆపరేటర్లకు ఎంపిక సలహా

సాయంత్రం ఏడున్నరకు ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యే రోజుల్లో తాడిపత్రి, గుత్తి, ధర్మవరం, ఉరవకొండ లాంటి ఊళ్లలో నెట్ నడిపేవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు. "ఏమన్నా, మళ్లీ గుండ్రంగా తిరుగుతాంది" అని ఒకరు, "ఆఫీస్ కాల్‌లో నా మాట వాళ్లకు ముక్కలు ముక్కలుగా పోతాంది" అని ఇంకొకరు. చాలామంది ఆపరేటర్లు వెంటనే చేసే పని ఒకటే. అప్‌స్ట్రీమ్ వాళ్లకు, అంటే తమకు నెట్ అమ్మే పెద్ద కంపెనీకి, ఫోన్ చేసి ఇంకో 200 ఎంబీపీఎస్ పెంచమంటారు. నెల బిల్లు పెరుగుతుంది, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అవే ఫోన్లు.

బ్యాండ్‌విడ్త్ కొనడం తప్పని నేను అనడం లేదు. కానీ అది మూడో పని. మొదటిది ఇరుకు ఎక్కడుందో కనుక్కోవడం, రెండోది ఆ ఇరుకు దగ్గర క్యూను, అంటే డేటా ముక్కలు వంతు కోసం నిలబడే వరసను, సరిచేయడం. ఈ రెండూ చేశాక కూడా సరిపోకపోతే అప్పుడు డబ్బు పెట్టండి, ఆ డబ్బుకు ఫలితం కనిపిస్తుంది. మూడు వందల కనెక్షన్ల చిన్న ఆపరేటర్ నుంచి రెండు మూడు వేల కనెక్షన్లున్న వాళ్ల వరకు ఎవరు ఏ పద్ధతి ఎంచుకుంటే మంచిదో ఇక్కడ చెప్తాను. ఇంట్లో నెట్ వాడుకునేవాళ్లకు పనికొచ్చే మాట చివర్లో ఉంది.

ఇరుకు ఎక్కడ?

కస్టమర్ ఫోన్ వరకు వచ్చే దారిలో ఇరుకు రాగల చోట్లు నాలుగు: అప్‌స్ట్రీమ్ లింకు, మీ కోర్ రూటర్ (ట్రాఫిక్ అంతా దాటే ప్రధాన రూటర్), ఓఎల్‌టీలోని (ఇళ్లకు ఫైబర్ పంచే మీ పెట్టె) పాన్ పోర్ట్, కస్టమర్ ఇంట్లో వైఫై. నాలుగింటికీ మందు వేరు. అందుకే కొలవకుండా మందు వేయకూడదు.

కొలవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి ఒక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కోర్ రూటర్‌కే పెట్టి అప్‌స్ట్రీమ్ గేట్‌వేకి పింగ్ వేయండి, అంటే ఒక చిన్న పాకెట్ (డేటా ముక్క) పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పొద్దున 3 మిల్లీసెకన్లు వచ్చేది రాత్రి 80 వస్తూ, మధ్యలో పాకెట్లు పోతుంటే ఇరుకు అప్‌స్ట్రీమ్‌లో ఉంది. అక్కడ బాగుండి, కస్టమర్ ఇంట్లో ఓఎన్‌యూకి (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) కేబుల్ పెట్టి చూస్తే పాడైతే, పాన్ పోర్ట్‌లోనో, ఆ కస్టమర్ ప్లాన్‌కి మీరు పెట్టిన క్యూలోనో ఉంది. కేబుల్ మీద బాగుండి ఫోన్‌లోనే పాడైతే అది వైఫై. ఇరుగు పొరుగు ఇళ్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అరుస్తుంటే మీ కోర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఆ ఇంటికి ఒరిగేది లేదు. 5 గిగాహెర్ట్జ్ ఉన్న రూటర్ పెట్టించి, దాన్ని టీవీ వెనక నుంచి తీయించండి.

గ్రాఫ్ చూసి నమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక. ఐదు నిమిషాల సగటు చూపించే గ్రాఫ్‌లో లింకు 70 శాతం నిండినట్టు కనిపించినా, లోపల ఒక్కో సెకను పూర్తిగా నిండి క్యూ పేరుకుపోయి ఉండొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లోనే రద్దీ గంటల్లో లింకు వాడకం 80 శాతం దాటకూడదని ఉండేది. ఆ గీతను నేను నియమంగా కాక, అనుభవంలో నిలబడ్డ మంచి లెక్కగా చూస్తాను. వీలైతే ఒక సెకనుకో, పది సెకన్లకో తీసిన లెక్కలు చూడండి.

పాన్ పోర్ట్ లెక్క చాలామంది వేయరు. జీపాన్ రకం ఓఎల్‌టీలో ఒక పోర్ట్‌కి కిందికి (డౌన్‌లోడ్) 2.488 జీబీపీఎస్, పైకి (అప్‌లోడ్) 1.244 జీబీపీఎస్. దాని మీద 64 ఇళ్లు కట్టి, అందరూ ఒకేసారి లాగితే ఇంటికి కిందికి సుమారు 39, పైకి 19 ఎంబీపీఎస్ వస్తుంది. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి వంద ఎంబీపీఎస్ ప్లాన్లు అమ్మినా నడిచిపోతుంది. కానీ పాత ఈపాన్ ఓఎల్‌టీ అయితే కథ వేరు. అక్కడ ఒక పోర్ట్‌కి ఉండేదే రెండు వైపులా ఒక్కొక్క జీబీపీఎస్. అదే 64 ఇళ్లకు పంచితే ఇంటికి 15 దాకా వస్తుంది. ఈపాన్ మీద వంద, రెండు వందల ప్లాన్లు అమ్ముతూ పోర్ట్ నింపేసినవాళ్లు కోర్‌లో ఎంత తెలివైన క్యూ పెట్టినా సుఖం లేదు. ముందు ఆ పోర్ట్ మీది ఇళ్లను రెండు పోర్ట్‌లకు విడగొట్టండి.

స్పీడ్ టెస్ట్ బాగుండి కాల్ ఎందుకు తెగుతుంది

ఎంపికలన్నింటికీ మూలం ఇక్కడుంది, కొంచెం నిలబడి చూద్దాం.

ఒక ఇంటికి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకోండి. ఎవరో పెళ్లి వీడియోను గూగుల్ ఫోటోస్‌కి ఎక్కిస్తున్నారు. రూటర్‌లో ఒక మెగాబైట్ క్యూ ఉంటే ఆ వీడియో దాన్ని నింపి కూర్చుంటుంది. ఒక మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. పది ఎంబీపీఎస్ లైన్ మీద అది ఖాళీ కావడానికి 800 మిల్లీసెకన్లు పడుతుంది. పక్క గదిలో బెంగళూరు ఆఫీస్ మీటింగ్‌లో ఉన్న అమ్మాయి మాట ప్రతి ముక్కా ఆ 800 మిల్లీసెకన్ల వెనక నిలబడాలి. మాట్లాడుకోవడానికి ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటేనే హాయిగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు చెప్తుంది. ఇక ఆ కాల్ ఎలా నిలబడుతుంది?

దూరం మీద నెపం వేయడానికి లేదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. అనంతపురం నుంచి బెంగళూరు పోయి రావడానికి కాంతికి పట్టేది రెండు మిల్లీసెకన్ల చిల్లర. మీ అప్‌స్ట్రీమ్ హైదరాబాద్ చుట్టూ తిప్పి తెచ్చినా ఇంకొన్ని మిల్లీసెకన్లు. వందల్లో కనిపించే ఆలస్యం దారిలో కాక క్యూలో పుడుతోంది.

విచిత్రం ఏంటంటే ఆ ఫోన్ కాల్‌కి కావలసింది చాలా తక్కువ. ఫోన్ మాటను డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో కాల్ ఒక వైపుకు వంద కేబీపీఎస్ కూడా తినదు. యూపీఐ పేమెంట్ అంతకన్నా తక్కువ. అయినా షాపులో క్యూఆర్ ముందు నిలబడి "నెట్ లేదు" అనాల్సి వస్తుంది, ఎందుకంటే ముందు నిలబడ్డవాడు కదలడు. మన వైపు వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు చూడండి. ఒకరు ఇరవై బిందెలు వరసగా పెట్టేస్తే, చెంబు ఒక్కటే తెచ్చిన ముసలమ్మ ఇరవై బిందెలూ నిండేదాకా నిలబడాలి. ఒక్కొక్కరికి ఒక్కో బిందె చొప్పున వంతులు వేస్తే ఆమె రెండో నిమిషంలో వెళ్లిపోతుంది, ఇరవై బిందెల ఇంటికి పెద్ద నష్టమూ ఉండదు. రూటర్లలో ఈ వంతుల పద్ధతినే ఫెయిర్ క్యూయింగ్ అంటారు.

జిమ్ గెట్టీస్ ఈ పేరుకుపోయిన క్యూల సమస్యను బఫర్‌బ్లోట్ పేరుతో 2010, 2011 ప్రాంతంలో అందరి దృష్టికీ తెచ్చారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. అది క్యూ పొడవును పట్టించుకోదు, పాకెట్ క్యూలో ఎంతసేపు ఉందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆలస్యం 5 మిల్లీసెకన్ల పైనే ఉండిపోతే పాకెట్లు వదలడం మొదలుపెడుతుంది. పంపేవాడు అది గమనించి వేగం తగ్గించుకుంటాడు. దీనికి వంతుల పద్ధతి కలిపితే ఎఫ్‌క్యూ-కోడెల్. 2018 జనవరిలో అది ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. అదే ఏడాది లైనక్స్ 4.19లో దాని పెద్దన్న కేక్ చేరింది.

ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నది

మైక్రోటిక్ కంపెనీ రూటర్ మీద పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్ పద్ధతి), రేడియస్ (కస్టమర్ల ఖాతాలు చూసే సర్వర్) నుంచి ప్లాన్ వేగం వచ్చి కస్టమర్‌కో సింపుల్ క్యూ పడటం. మన జిల్లాల్లో నేను చూసే నెట్‌వర్క్‌లలో ఎక్కువ ఇలాగే ఉంటాయి. పద్ధతి మంచిదే, కానీ లోపల క్యూ రకం "డిఫాల్ట్-స్మాల్" అనే ఉండిపోతుంది. అది పది పాకెట్ల వరస. రెండు ఎంబీపీఎస్ ప్లాన్ల కాలంలో పది పాకెట్లంటే 60 మిల్లీసెకన్ల నిల్వ, సరిపోయేది. వంద ఎంబీపీఎస్ ప్లాన్‌కి అదే పది పాకెట్లు 1.2 మిల్లీసెకన్లకే సరి. వీడియో సర్వర్ ఒక్క గుంపు పాకెట్లు పంపితే సగం కింద పడతాయి. కస్టమర్ డబ్బు కట్టింది వందకు, స్పీడ్ టెస్ట్‌లో 60, 70 దగ్గర ఊగుతుంది. దాన్ని చూసి క్యూను వెయ్యి పాకెట్లకు పెంచేస్తే స్పీడ్ టెస్ట్ వంద చూపిస్తుంది, కాల్స్ మాత్రం నాశనం. వట్టి ఫిఫో క్యూ, అంటే ముందొచ్చింది ముందు పోయే వరస, ఇంతే. చిన్నది పెడితే వేగం పోతుంది, పెద్దది పెడితే ఆలస్యం వస్తుంది. సరైన సైజు కోసం వెతకడం మానేసి క్యూ రకమే మార్చాలి.

ఓఎల్‌టీలోనో ఓఎన్‌యూలోనో వేగం కట్టేసే ఆపరేటర్లు కూడా ఉన్నారు. చాలా పరికరాల్లో అది పోలీసింగ్, అంటే హద్దు దాటిన పాకెట్‌ను ఆపి పంపకుండా అక్కడికక్కడే పారేయడం. రూటర్ మీద భారం ఉండదు, అంతవరకే దాని మేలు. నేనైతే ఓఎల్‌టీలో హద్దును ప్లాన్ కన్నా పైన పెట్టి, అసలు వేగాన్ని రూటర్‌లో షేపింగ్‌తో (పాకెట్‌ను పారేయకుండా కాసేపు ఆపి పంపడం) కట్టమంటాను.

పీసీక్యూ, ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్

మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రూటర్‌ఓఎస్ 6లోనే ఆగిపోయిన పాత రూటర్ ఉంటే మీకు పీసీక్యూ, ఎస్‌ఎఫ్‌క్యూ ఉన్నాయి. పీసీక్యూ కస్టమర్ల మధ్య న్యాయం చేస్తుంది. అప్‌స్ట్రీమ్ 500 ఎంబీపీఎస్ నిండినప్పుడు ఒక ఇల్లు టొరెంట్ పెట్టి అందరినీ ముంచకుండా, లోపలి అడ్రస్ చొప్పున పంచుతుంది. దాన్ని నాట్ (చాలా ఇళ్ల అడ్రస్‌లను ఒక పబ్లిక్ ఐపీగా మార్చడం) జరగక ముందు కనిపించే అడ్రస్ మీద పెట్టాలి, లేకపోతే పబ్లిక్ ఐపీ వెనకున్న నూరు ఇళ్లూ దానికి ఒక్క ఇల్లుగా కనిపిస్తాయి. కానీ ఒక ఇంటి లోపల పెళ్లి వీడియోకి, ఆఫీస్ కాల్‌కి మధ్య తగాదాను పీసీక్యూ తీర్చదు. ఆ ఇంటి వాటా లోపల మళ్లీ అదే వట్టి వరస. అందుకని ప్లాన్ క్యూలకు, ఇంటి లోపలి కనెక్షన్ల మధ్య వంతులు వేసే ఎస్‌ఎఫ్‌క్యూ, మొత్తం లింకుకు పీసీక్యూ పెట్టడం పాత రూటర్‌తో చేయగలిగిన మంచి సర్దుబాటు.

రూటర్‌ఓఎస్ 7 పెట్టగలిగితే ఎఫ్‌క్యూ-కోడెల్‌కి వెళ్లండి. నా ఎంపిక ఇదే, మొహమాటం లేకుండా చెప్తున్నాను. పీపీపీ ప్రొఫైల్‌లో క్యూ టైప్ మార్చితే కొత్తగా కలిసే ప్రతి కనెక్షన్‌కీ అదే పడుతుంది. ట్యూనింగ్ పెద్దగా లేదు, 5, 100 అంకెలు మన లైన్లకు ఉన్నవున్నట్టే నడుస్తాయి. ఒక్కటి చూసుకోవాలి: ఫాస్ట్‌ట్రాక్ (పాకెట్లను దగ్గరి దారిలో పంపే మైక్రోటిక్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే ఆ కనెక్షన్లు సింపుల్ క్యూలను తప్పించుకుని పోతాయి. క్యూ మార్చాను, తేడా ఏమీ లేదు అనేవాళ్ల దగ్గర ముందు ఇది చూడండి. ఫాస్ట్‌ట్రాక్ తీస్తే సీపీయూ భారం పెరుగుతుంది. కాబట్టి రాత్రి పీక్‌లో ఇప్పటికే సీపీయూ 70 శాతం పైన ఉంటే ముందు రూటర్ మార్చాలి, తర్వాతే క్యూ. వందల క్యూలకు మెమరీ కూడా కావాలి. ఒకేసారి అందరికీ పెట్టకుండా ఒక వీధికి పెట్టి రెండు రాత్రులు చూడండి.

కేక్ ఇంకా తెలివైనది. షేపింగ్ దానిలోనే ఉంది, ఇంట్లో ఒక్కో పరికరానికి విడిగా న్యాయం చేయగలదు. అయితే ఆ రెండో గుణం ఇంటి రూటర్‌లో పెట్టినప్పుడే పూర్తిగా పనికొస్తుంది. మీ కోర్ నుంచి చూస్తే ఇల్లంతా ఒకే అడ్రస్, లోపల టీవీ ఏదో ఫోన్ ఏదో తెలియదు. సీపీయూ కూడా ఎక్కువ తింటుంది. అందుకే కోర్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్, ఇంట్లో కేక్ అన్నది నా మాట.

వెయ్యి కనెక్షన్లు దాటి, రూటర్ సీపీయూ అడ్డమొస్తున్నవాళ్లకు లిబ్రేక్యూఓఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక మంచి ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ సర్వర్‌లో లైనక్స్ వేసి, కోర్‌కి ఎడ్జ్ రూటర్‌కి మధ్య బ్రిడ్జ్‌లా పెడతారు. లోపల కేక్‌నే వాడుతుంది. దాని గొప్పతనం చెట్టులా పేర్చుకోవచ్చు అన్నది. ఈ కస్టమర్లు ఈ పాన్ పోర్ట్, ఈ పోర్ట్‌లు ఈ అప్‌లింక్ అని చెప్తే, ఎక్కడ ఇరుకు వచ్చినా అక్కడ క్యూ మీ చేతికి వస్తుంది. లైనక్స్ తెలిసిన మనిషి ఒకరు మీ దగ్గర లేకపోతే మాత్రం దీని జోలికి పోవద్దు. ఆ పెట్టె ఆగితే ఊరంతా ఆగుతుంది, కాబట్టి పక్కన బైపాస్ దారి, మంచి యూపీఎస్ ముందే సిద్ధం చేసుకోవాలి.

మొత్తం లింకు విషయంలో ఒక మెలిక ఉంది. అప్‌స్ట్రీమ్ నుంచి కిందికి వచ్చే ట్రాఫిక్ క్యూ వాళ్ల పరికరంలో పేరుకుంటుంది, మీ రూటర్‌లో కాదు. 500 కొంటే మీ వైపు 475 దగ్గర షేప్ చేయండి. ఆ 25 పోయినట్టు అనిపిస్తుంది కానీ దాని బదులు క్యూ మీ దగ్గరికి వస్తుంది, దాన్ని మీరు నడపగలరు.

ప్రయారిటీ ఇవ్వడం ఎప్పుడు సరైనది

"జూమ్‌కి ముందు, టొరెంట్‌కి వెనక" అని తరగతులు చేయాలని చాలామందికి ఆశ. పాకెట్ మీద ప్రాధాన్యం గుర్తు వేయడానికి 802.1పీలో ఎనిమిది మెట్లు, డీఎస్‌సీపీలో వాయిస్‌కి 46 అనే గుర్తు, అన్నీ ఉన్నాయి. కానీ బయటి ఇంటర్నెట్ నుంచి వచ్చే పాకెట్ల మీద ఆ గుర్తులు దారిలో చెరిగిపోతుంటాయి, నమ్మడానికి లేదు. లోపల చూసి పోల్చుకుందామంటే ఇప్పుడు దాదాపు అంతా ఎన్‌క్రిప్టెడ్. పోర్ట్ నంబర్లు చూసి రాసిన రూల్స్ ఆరు నెలల్లో పాతబడతాయి, వాటిని ఎవరు సరిచేస్తూ కూర్చుంటారు?

చట్టం సంగతీ ఉంది. ట్రాయ్ 2017 నవంబర్‌లో ఇచ్చిన నెట్ న్యూట్రాలిటీ సిఫారసులను టెలికాం శాఖ 2018 జూలైలో ఆమోదించింది. ఒక యాప్‌ను అడ్డుకోవడం, నెమ్మది చేయడం, ఇంకోదానికి దారివ్వడం కుదరదు. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు మినహాయింపు ఉంది కానీ అది అవసరానికి తగ్గట్టు, తాత్కాలికంగా, అందరికీ తెలిసేట్టు ఉండాలి. వంతుల పద్ధతి ఏ యాప్‌నూ చూడదు. చట్టం వైపు నుంచి కూడా నిశ్చింతగా ఉండాలంటే అదే దారి.

తరగతులు నిజంగా కావలసిన చోటు మీ సొంత టీవీ, సొంత ల్యాండ్‌లైన్ అదే ఫైబర్ మీద ఇస్తున్నప్పుడు. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్‌లో నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద వస్తాయని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఇలాంటప్పుడు టీవీకి ఒక వీలాన్ (అదే తీగ మీద విడి దారి), వాయిస్‌కి ఒకటి, నెట్‌కి ఒకటి విడదీయాలి. అప్‌లోడ్‌లో వాయిస్‌కి స్థిరమైన టీకాంట్ (ఓఎన్‌యూకి అప్‌లోడ్‌లో ఇచ్చే వాటా) కొంచెం ఇవ్వండి, టైప్ 1 అయితే ఆ వాటా ఎప్పుడూ పక్కన పెట్టే ఉంటుంది కాబట్టి కొన్ని వందల కేబీపీఎస్ చాలు. నెట్‌కి టైప్ 3 పెట్టండి, కొంత హామీ ఉండి, ఖాళీ ఉన్నప్పుడు ఇంకా తీసుకుంటుంది. అందరికీ టైప్ 4 పెట్టి వదిలేస్తే పోర్ట్ నిండినప్పుడు ఎవరికీ హామీ ఉండదు. అందరికీ టైప్ 1 పెద్దగా ఇస్తే వాడని వాటా వృథా. టీవీ ఎక్కువగా కిందికే వస్తుంది, మల్టీకాస్ట్ సరిగ్గా నడుస్తుంటే ఒక చానెల్ ఎన్ని ఇళ్లలో చూసినా పాన్ మీద ఒక్కసారే పోతుంది. దానికి కావలసిన ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఎఫ్‌యూపీ గురించి ఒక్క మాట. నెల కోటా దాటినవాళ్ల వేగం తగ్గించడం బిల్లుకు సంబంధించిన పద్ధతి. మధ్యాహ్నం మూడింటికి ఒంటరిగా డౌన్‌లోడ్ చేసుకున్నవాడిని శిక్షించినంత మాత్రాన రాత్రి తొమ్మిది రద్దీ తగ్గదు.

మరి బ్యాండ్‌విడ్త్ ఎప్పుడు కొనాలి?

క్యూలు సరిచేశాక కూడా పీక్‌లో లింకు 80 శాతం పైనే గంటలకొద్దీ ఉంటే కొనండి, ఆలోచించకండి. ఏ క్యూ కూడా లేని బ్యాండ్‌విడ్త్‌ను పుట్టించలేదు. అయితే కొనేముందు అప్‌స్ట్రీమ్ వాళ్లను అడగండి: యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, మెటా ట్రాఫిక్ వాళ్ల క్యాష్ సర్వర్ల (వీడియోలను దగ్గర్లో దాచి ఉంచే సర్వర్లు) నుంచి వస్తోందా, దానికి విడిగా తక్కువ ధర ఇస్తారా అని. ఇళ్ల ట్రాఫిక్‌లో పెద్ద వాటా వీడియోదే కాబట్టి, అది విడిగా వస్తే ఖరీదైన ఇంటర్నెట్ బ్యాండ్‌విడ్త్ మీద భారం దిగుతుంది. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల కొటేషన్లు పోల్చేటప్పుడు ఎంబీపీఎస్ ధర పక్కనే రాత్రి తొమ్మిది పింగ్ కూడా రాసుకోండి.

ఇంట్లో వాడేవాళ్లకు

అప్‌లోడ్ క్యూ చాలాసార్లు మీ ఇంటి రూటర్‌లోనే పుడుతుంది. ఆపరేటర్ తలకిందులుగా తపస్సు చేసినా దాన్ని పూర్తిగా తీయలేడు. ఇంట్లో ఆఫీస్ కాల్స్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్ ఒకటి కొని, క్యూను అదుపు చేసే దాని ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీలో కేక్ పెట్టుకోండి. "గేమింగ్ రూటర్" అని పేరుండి యాప్‌ల జాబితా చూపించే వాటికన్నా ఇది మేలు. కొనేముందు ఆ మోడల్ మీ ప్లాన్ వేగం దగ్గర కేక్‌ను నడపగలదో లేదో చూసుకోవాలి. పాత చౌక రూటర్ల సీపీయూ వంద దగ్గరే ఆయాసపడుతుంది. డబ్బు పెట్టలేకపోతే కాల్స్ ఉన్నప్పుడు ఫోన్లలో ఫోటో బ్యాకప్ ఆపేసి, రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి, రూపాయి ఖర్చు లేకుండా సగం టెన్షన్ పోతుంది.

ఎస్‌క్యూఎమ్‌లో వేగాలు రాసేటప్పుడు ప్లాన్ అంకె రాయకండి. రాత్రి పూట కేబుల్ మీద మూడు నాలుగు సార్లు కొలిచి, వచ్చిన వాటిలో తక్కువదానికి 90 శాతం రాయండి. ఒక పెద్ద ఫైల్ పైకి ఎక్కిస్తూ పక్కన పింగ్ చూడండి. పింగ్ కదలకపోతే కొంచెం పెంచండి, మళ్లీ చూడండి. పింగ్ ఎక్కడం మొదలైన దగ్గర ఆగి, ఒక మెట్టు వెనక్కి వచ్చి అక్కడ వదిలేయండి.